రెండో ఊలుపేట

బోర్గిల్డ్‌కి సముద్రమంటే భయం. నిచ్చెన అన్నా, పొయ్యి మీద పాలన్నా, మంచు కురిసిన రోజు బస్సన్నా కూడా భయమే కాబట్టి సుండ్వోగ్ ఊళ్ళో ఎవరూ ఆ భయాన్ని ప్రత్యేకంగా పట్టించుకునేవారు కాదు. ఆమె పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ నీళ్ళలో పోయినవాళ్ళు లేరు. తండ్రి మాత్రం వంటింట్లో బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడి చనిపోయాడు. "వంటింట్లోనే అలా జరిగితే ఇక సముద్రం సంగతి ఏం చెప్పాలి?" అనేది ఆమె. ఆ మాటకి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో కనబడలేదు.

అలాంటి మనిషి చెక్కపడవల సంఘంలో చేరిందంటే అది కూతురి కోసమే. ఇడున్‌కి పదిహేడేళ్ళు. బడి వదలగానే ఒడ్డునున్న పడవల కొట్టంలోకి పోయి, గొడ్డళ్ళ మధ్య, రంపపు పొట్టులో పొద్దు గడిపేది. పిల్ల వేళ్ళు ఎక్కడ తెగుతాయోనని తల్లి వెనకాలే వచ్చింది. వచ్చినవాళ్ళని ఊరికే కూచోనివ్వడం ఆ సంఘంలో ఆచారం కాదు. బోర్గిల్డ్ ఇంట్లో గొర్రెలున్నాయి, ఆమె ఊలు వడుకుతుంది. పడవ పలకల మధ్య పెట్టడానికి సంఘానికి ఊలుపేట, అంటే వడికిన ఊలు తాడు, కావాలి. అలా ఆ పని ఆమె చేతికి వచ్చింది.

మంగళవారం సాయంత్రాలూ, శనివారాలూ పని జరిగేది. ఫెర్రీలో టికెట్లు చూసేవాళ్ళు, ఆస్పత్రి నర్సు, చేపల పెంపకం కంపెనీ డ్రైవరు, ఎవరి కొలువు ముగించుకుని వాళ్ళు వచ్చేవారు. జీతం లేదు. కాఫీ, వేడి వాఫిల్, దాని మీద గోధుమరంగు చీజ్ ముక్క, అంతే. ఆ ఏడాది కడుతున్నది ఆరుగురు తెడ్లు వేసే పడవ. నడివేసవి పండుగనాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తమ తమ పడవల్లో సముద్రపు పాయ దాటి, బయటి దీవికి వెళ్ళి, అక్కడ పెద్ద మంట వేస్తాయి. సుండ్వోగ్ పాత పడవ పుచ్చిపోయాక ఆ ఊరివాళ్ళు ఫెర్రీ ఎక్కి వెళ్ళి, మిగతా ఊళ్ళ చేత మాటలు పడుతున్నారు. కొత్త పడవలో తెడ్డు వేసేవాళ్ళలో ఇడున్ పేరు కూడా ఉంది. దీవికి వెళ్ళాలంటే పాయ మొగ దాటాలి. అక్కడ కొండల చాటు తప్పిపోయి అసలు సముద్రం మొదలవుతుంది. బోర్గిల్డ్ ఆలోచన ఎప్పుడూ ఆ మొగ దగ్గరే ఆగిపోయేది.

పడవ కట్టించేది హల్వార్డ్. డెబ్బై దాటిన మనిషి, బోర్గిల్డ్‌కి వరసకు బాబాయ్. సంఘానికి పెద్ద గున్వోర్. ఆవిడ ఒకప్పుడు పోస్టాఫీసు నడిపింది, ఇప్పుడు సంఘాన్ని నడుపుతోంది. నోరు మాత్రం మారలేదు.

"ఒక్క పేట," అన్నాడు హల్వార్డ్ మొదటిరోజే. "తారులో ముంచు, పిండు, కింది పలక అంచు మీద తిన్నగా పరుచు. దాని మీదకి పై పలక అంచు ఎక్కుతుంది. రాగిమేకులు బిగించాక రెండు చెక్కలూ ఒకదాన్నొకటి కరుచుకోవాలి. ఊలు ఉండేది మధ్యలో మిగిలిన వెంట్రుకవాసి సందు కోసం మాత్రమే."

"ఒక్క పేట సరిపోతుందా బాబాయ్?"

"మా తాత కాలం నుంచి సరిపోతోంది."

"అప్పటి సముద్రం వేరేమో."

హల్వార్డ్ ఆమె మొహంకేసి చూశాడు. వేళాకోళం కాదని అర్థమై, కాఫీ పోసుకోవడానికి లేచాడు.

పడవ అడుగుదూలానికి ఆనుకుని ఉండే మొదటి పలక అన్నిటికన్నా కష్టమైనది. మధ్యలో పడుకున్నట్టుండి, కొసకి వచ్చేసరికి మెలితిరిగి నిలబడాలి. దాన్ని గొడ్డలితో చెక్కే పని హల్వార్డ్ ఆ ఏడు ఇడున్‌కి ఇచ్చాడు. తన చిన్న గొడ్డలి కూడా ఇచ్చాడు. శరత్కాలమంతా ఆ పిల్ల ఆ పలక మీదే ఉంది. చెక్కడం, అరచేత్తో తడమడం, మళ్ళీ చెక్కడం. పలక దూలం పక్కన చేరి మేకులు పడ్డ రోజున హల్వార్డ్ దాని పొడుగునా బొటనవేలు జరిపి "ఊఁ" అన్నాడు. ఆయన ఇంతకుముందు అలా "ఊఁ" అన్నది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు.

రెండో పలక అయింది. మూడో పలక ఎక్కించే శనివారం నాడు బోర్గిల్డ్ కూతుర్ని అడిగింది.

"నువ్వు ఎక్కడ కూచుంటావే?"

"ఇదిగో, ఇక్కడ." ఇడున్ లోపలివైపు ఎడమపక్కన సుద్దతో గీత గీసింది. "బల్ల ఇక్కడ వస్తుంది. కాళ్ళు ఇలా ఆనిస్తాను."

"కాళ్ళు ఆనించే చోట కింద ఏముంటుంది?"

"పలకమ్మా."

"పలక కింద?"

"ఏముంటుందమ్మా, నీళ్ళు!"

బోర్గిల్డ్ ఆ సుద్దగీత దగ్గర, మూడో పలక వచ్చి కూచోబోయే అంచువైపు చూస్తూ ఉండిపోయింది. మేజోడు అల్లేటప్పుడు మడమ దగ్గరికి వచ్చేసరికి ఇంకో దారం కలిపి అల్లుతారు. అక్కడే అరుగుతుంది కాబట్టి, అక్కడే గట్టిగా ఉండాలి కాబట్టి. ఆమె తల్లి అలాగే అల్లేది, తనూ అలాగే అల్లుతుంది, ఆ ఇంట్లో ఎవరి మడమా ఎప్పుడూ బయటపడలేదు. హల్వార్డ్ పలకలు పట్టి ఉంచే బిగింపులు తేవడానికి అవతలికి వెళ్ళాడు. ఆమె తారు తొట్టిలోంచి ఇంకో పేట తీసి పిండి, కూతురు కాళ్ళు ఆనించే మేర మొదటి పేట పక్కనే ఒత్తిపెట్టింది. దాని మీద తారు పూసింది. నల్లటి దాని మీద నల్లటిది, ఏమీ కనబడలేదు.

పై పలక ఎక్కింది. మేకులు బయట నుంచి దిగాయి. లోపల ఇడున్ ఒక్కో మేకు కొసకి రాగిబిళ్ళ తొడిగి, కొస కత్తిరించి, సుత్తితో చదును చేస్తోంది. బయట బోర్గిల్డ్ మేకు తలకి ఇనుపదిమ్మ ఆనించి పట్టుకుంది.

"ఇక్కడ పలక సరిగ్గా కూచోవడంలేదమ్మా."

"కొట్టవే, కూచుంటుంది."

"దిమ్మ గట్టిగా ఆనించావా?"

"ఆనించాను. కొట్టు."

ఇడున్ కొట్టింది. చూడటానికి పలక కూచుంది.

వసంతంలో పడవని నీళ్ళలోకి దించారు. దించిన మర్నాడు పొద్దున్నే బోర్గిల్డ్ కిటికీలోంచి చూసేసరికి పడవ అంచుల దాకా నీళ్ళతో నిండి, రేవు పక్కన మునిగి ఉంది. ఆమె ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రేవుకి పరిగెత్తింది. అక్కడ గున్వోర్ ఒక రాయి మీద కూచుని తీరిగ్గా సిగరెట్ చుట్టుకుంటోంది.

"మునిగిపోయింది! గున్వోర్, పడవ మునిగిపోయింది!"

"మేమే ముంచాం. ఎండు చెక్క తాగాలి, తాగి ఉబ్బాలి. అప్పుడు సందులు మూసుకుంటాయి. ఇదేం నీ మొగుడా, తాగితే పడిపోవడానికి? ఇది తాగితేనే నిలబడుతుంది."

బోర్గిల్డ్ భర్త టెర్యే అప్పుడే ఫెర్రీ పనికి పోతూ అటుగా వచ్చాడు. "విన్నాను," అన్నాడు.

"వినాలనే అన్నాను," అంది గున్వోర్.

పడవ తాగింది. నీళ్ళు తోడేశారు. రేవు పక్కన కట్టేసి ఉంచితే లోపల చుక్క తడి లేదు. హల్వార్డ్ తలూపాడు. ఆ సాయంత్రం తెడ్లు వేసేవాళ్ళు ఆరుగురూ ఎక్కి పాయ మధ్యదాకా వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అందరి బూట్లూ తడిశాయి. పడవ అడుగున దూలం పొడుగునా నీళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి.

ఒడ్డుకి లాగి చూశారు. ఒక్క చుక్క కారలేదు. లోపల నీళ్ళు పోసి చూశారు. అప్పుడూ కారలేదు. మళ్ళీ నీళ్ళలోకి దించి తెడ్లు వేస్తే మళ్ళీ నీళ్ళు. నిలబడి ఉన్నప్పుడు మూసుకుని, మనుషులు బలంగా లాగేటప్పుడు మాత్రమే తెరుచుకునే సందు ఎక్కడో ఉంది.

"నీళ్ళు దూలం దగ్గరే చేరుతున్నాయి," అన్నాడు హల్వార్డ్ చాలాసేపు ఆలోచించి. "మొదటి పలకే అయుంటుంది. మెలిక ఉన్న చోట పట్టు వదిలేస్తోంది."

ఆ పలక ఎవరిదో అందరికీ తెలుసు.

"అది మార్చాలంటే పైన ఉన్నవన్నీ విప్పాలి," అన్నాడాయన. "పండుగకి అవదు."

"అయితే మళ్ళీ ఫెర్రీయే," అంది గున్వోర్. "మాటలు పడటం మనకి కొత్తా ఏమిటి? పోయినేడాది టికెట్ దాచుకున్నాను, అదే చూపిస్తా."

నవ్వు ఎవరికీ రాలేదు. ఇడున్ తడిసిన బూట్లు విప్పి నీళ్ళు వంపుతోంది. "ముందు నా ఎడమ మడమే తడిసింది," అంది, ఎవరితోనూ కాదు. అందరూ దూలంకేసి చూస్తున్నారు కాబట్టి ఎవరూ వినిపించుకోలేదు. బోర్గిల్డ్ విన్నది. వెంటనే ఆమెకి తెలిసిపోయింది.

ఆమె నోరు మెదపలేదు. పడవ వెళ్ళకపోతే ఇడున్ వెళ్ళదు. పాయ మొగ దాటేదీ లేదు, అసలు సముద్రం తగిలేదీ లేదు. ఫెర్రీకి ఇనుప కటకటాలున్నాయి, లైఫ్ జాకెట్లున్నాయి, పైగా టెర్యే ఉన్నాడు. ఇంతకాలం ఆమె కోరుకున్నది, ఎవరితోనూ పోట్లాడకుండా, వచ్చి ఒళ్ళో పడింది. ఇంటికి వెళ్ళి మాంసం ఉండలు చేసింది. బంగాళాదుంపలు ఉడుకుతుండగా చిన్నగా ఏదో పాట కూడా పాడుకుంది. టెర్యే పేపర్ దించి చూసి, మళ్ళీ ఎత్తాడు.

ఆ వారమంతా ఇడున్ కొట్టం వైపు పోలేదు. గొడ్డలి శుభ్రంగా తుడిచి, నూనె రాసి, హల్వార్డ్ బల్ల మీద పెట్టి వచ్చేసింది. బడి నుంచి రాగానే సోఫాలో టీవీ ముందు కూచునేది. తల్లి ఎన్నో ఏళ్ళుగా అక్కడ కూచోమని బతిమాలిన చోటే. చేతులు ఒళ్ళో పెట్టుకునేది. టీవీలో ఏమొస్తున్నా ఒకేలా చూసేది.

"ఏం తింటావే?"

"ఏదైనా సరే."

"జలుబు చేసిందా? నుదురు ఇలా చూపించు."

"ఏం లేదమ్మా."

శుక్రవారం సాయంత్రం తనంతట తనే మాట్లాడింది. "రేపు హల్వార్డ్ తాత మేకులు కొయ్యడం మొదలెడతాడట. నా పలక తీసేస్తారు. తీసేటప్పుడు చీలిపోతుంది ఎలాగూ."

"పోతే పోనీ. చెక్కేగా."

"మంచిదే. నా చేతికి ఆ పని రాదు. వచ్చిందనుకున్నాను."

"ఇంకేదన్నా నేర్చుకోవచ్చు. ఆఫీసు పనో ఏదో. కూచుని చేసేది."

"సరే."

బోర్గిల్డ్ అలమరలో గిన్నె పెడుతున్నదల్లా ఆగిపోయింది. పుట్టినప్పటినుంచీ ఈ పిల్ల తల్లి చెప్పినదానికి "సరే" అన్నది లేదు. టోపీ పెట్టుకోమంటే ఎందుకనేది, నిదానంగా దిగమంటే దూకేది. ఇప్పుడు ఒక్కమాటలో సరే అనేసి టీవీ వైపు తిరిగింది. బోర్గిల్డ్‌కి చాలా రకాల భయాలు తెలుసు. వాటిలో ఇది లేదు. పిల్ల ఇంట్లో, సోఫాలో, పొడిగా, క్షేమంగా ఉంది. అయినా నీళ్ళలో పడ్డవాళ్ళని చూస్తున్నట్టే ఉంది.

మర్నాడు ఆమె కొట్టానికి వెళ్ళేసరికి పడవ కర్రల మీద నిలబడి ఉంది. హల్వార్డ్ లోపల వంగి, మొదటి పలక రాగిబిళ్ళ మీద ఉలి ఆనించాడు. గున్వోర్ సుత్తి అందిస్తోంది.

"ఆ పలక కాదు బాబాయ్."

హల్వార్డ్ ఉలి తీయకుండానే తలెత్తాడు. "ఏది మరి?"

"మూడోది. ఇడున్ కూచునే చోట. అక్కడ నేను రెండు పేటలు పెట్టాను."

"రెండెందుకు?"

"అక్కడ గట్టిగా ఉంటుందని." ఆమె తన చేతులకేసి చూసుకుంది. "మేజోడు మడమకి పెట్టినట్టు."

హల్వార్డ్ పడవలోంచి దిగి, వంగి, ఆ అతుకు మీద వేలు నడిపాడు. వెనక్కీ ముందుకీ రెండుసార్లు నడిపాడు. "ఉంది," అన్నాడు. "రెండు పేటలున్నంత మేరా పలక లేచి ఉంది. రెండు పేటలు ఆగి ఒకటే మిగిలే చోట సందు. లాగేటప్పుడు అక్కడ నోరు తెరుస్తోంది." ఆయన నడుం నిలబెట్టుకున్నాడు. "నాకు వేలికి తగలాల్సింది. నేను దూలం దగ్గరే వెతుకుతున్నాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది గున్వోర్.

"పడవ కారిన రోజే."

"వారం నుంచి తెలుసా?"

"తెలుసు."

గున్వోర్ సుత్తి బల్ల మీద పెట్టింది. "మాకెందుకు చెబుతావు? వెళ్ళి దానికి చెప్పు," అంది.

ఇడున్ సోఫాలోనే ఉంది. బోర్గిల్డ్ కోటు విప్పకుండా నిలబడే చెప్పింది. కూతురు టీవీ ఆపలేదు, తల తిప్పలేదు. అంతా విన్నాక అడిగింది.

"ఆరోజు పలక కూచోవడంలేదని నేను చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

"కొట్టమన్నాను."

"దిమ్మ నువ్వే పట్టుకున్నావు. నా ఎదురుగా. పలకకి అవతల నిలబడి."

"అవును."

"వారం నుంచి నేనిక్కడ ఇలా కూచుంటే, నువ్వు మాంసం ఉండలు చేసిపెట్టావు."

ఇడున్ లేచింది. తల్లిని తోసుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు తొడుక్కుంది. వాటి మీద ఉప్పునీటి మరకలు ఇంకా ఉన్నాయి. "చెప్పకపోతే నువ్వు అనుకున్నదే జరిగేది కదా. ఎందుకు చెప్పావు?"

"నువ్వు సరే అన్నావు," అంది తల్లి.

ఇడున్‌కి అది అర్థమైందో లేదో తెలీదు. "నడు," అంది. "ఆ దిమ్మ ఇవాళ కూడా నువ్వే పట్టుకోవాలి. ఇంకొకళ్ళకి ఇవ్వను."

సుద్దగీత చెరిగిపోయింది కాని చోటు వెతుక్కోవలసిన పని లేకపోయింది. హల్వార్డ్ ఆ మేరలో రాగిబిళ్ళలు కోసి, మేకులు వెనక్కి కొట్టి, పలకల మధ్య పల్చటి చెక్కమేకు దోపాడు. సందు నోరు తెరిచింది. బోర్గిల్డ్ వంకీ తీగతో రెండు పేటల్నీ లాగింది. తారులో అవి ఒకదానికొకటి అంటుకుని, పీకితే ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గోళ్ళతో గీకింది. చెక్క శుభ్రమయ్యాక హల్వార్డ్ తారు తొట్టి ఆమె వైపు జరిపాడు. పని ఇంకొకరికి ఇస్తాడేమోనని ఆమె చూసింది. ఆయన అవతలికి తిరిగి మేకులు ఏరుకుంటున్నాడు.

ఆమె ఒక్క పేట ముంచి, పిండి, పరిచింది. చాలా పల్చగా కనిపించింది. చూస్తూ కూచుంటే ఇంకా పల్చనయ్యేట్టుంది. లేచి పలక అవతలికి వెళ్ళి దిమ్మ చేతిలోకి తీసుకుంది.

"పెట్టావా?" లోపలినుంచి ఇడున్ గొంతు.

"పెట్టాను."

"ఎన్ని?"

"ఒకటే."

"ఒట్టు?"

"ఒట్టు. కొట్టు, చేతులు లాగేస్తున్నాయి."

సుత్తి దెబ్బ పలక గుండా దిమ్మలోకి, దిమ్మలోంచి ఆమె మోచేతుల్లోకి వచ్చింది. ఈసారి పలక మొదటి దెబ్బకే కూచుంది. చేతికే తెలిసింది. గున్వోర్ వాఫిల్ పెనం దగ్గర నిలబడి, "ఫెర్రీ టికెట్ ఇప్పుడేం చేసుకోను నేను?" అని పెద్దగా అడిగింది. ఇడున్ లోపల నవ్విందో, దగ్గిందో, బయటికి సరిగ్గా తెలియలేదు. పని అయ్యాక పడవలోంచి దిగి, తల్లి వైపు చూడకుండా హల్వార్డ్ బల్ల దగ్గరికి వెళ్ళి, గొడ్డలి తీసి నడుముకి తగిలించుకుంది. తల్లితో మామూలుగా మాట్లాడటానికి ఆ పిల్లకి ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

పండుగనాడు తొమ్మిది ఊళ్ళ పడవలు పాయలోకి వచ్చాయి. సుండ్వోగ్ పడవ ఎక్కేముందు ఇడున్ తల్లి ఇచ్చిన ఊలు టోపీ తీసుకుని, "ఎందుకు?" అని అడిగి, జేబులో కుక్కుకుంది. బోర్గిల్డ్ మనసు కొంత తేలికపడింది. తెడ్లు ఒక్కసారి పైకి లేచి, ఒక్కసారి దిగాయి. టెర్యే ఫెర్రీ పైనుంచి కూత పెట్టించాడు, అది నిబంధనలకి విరుద్ధమే. పడవ కొండ మలుపు దాకా కనిపించింది. ఆ తర్వాత కనబడలేదు. దాని లోపల ఎవరి మడమ తడుస్తోందో, ఎవరిది తడవడంలేదో ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలిసే దారి లేదు.

బోర్గిల్డ్ రేవు కొసన నిలబడే ఉంది. జనం పలచబడ్డారు. గున్వోర్ వచ్చి పక్కన నిలబడింది.

"ఇలాగే నిలబడితే సాయంత్రానికి కొయ్యవైపోతావు. నా చిన్న పడవకి తారు పూయాలి. రా."

"గాలి మారేట్టుంది గున్వోర్."

"మారనీ. నీకు చెప్పి మారుతుందా? ఇదిగో కుంచె."

బోర్గిల్డ్ కుంచె తీసుకుంది. బోర్లించిన పడవ ముందు మోకాళ్ళ మీద కూచుని పూయడం మొదలుపెట్టింది. పడమటి గాలి నిజంగానే మొదలైంది. తారు మీద చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి. ఆమె అది గమనించింది. పాయ మొగకేసి ఒకసారి చూసింది. మళ్ళీ కుంచె ముంచి, తర్వాతి పలక మీదికి వెళ్ళింది.